మూడు ముక్కల్లో ఫీడ్‌బ్యాక్

అప్రైజల్ గదుల్లో తరచూ వినపడే మాట: "పని బాగానే చేస్తున్నావు గానీ, కాస్త అటిట్యూడ్ మార్చుకోవాలి." విన్నవాడు తలూపి బయటికొస్తాడు. ఏం మార్చుకోవాలో చెప్పినాయనకే తెలియదు.

దీనికి విరుగుడుగా అమెరికాలో, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో ఉన్న సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ ఒక పద్ధతి తయారుచేసింది. పేరు ఎస్‌బీఐ. బ్యాంకుతో సంబంధం లేదు లెండి. సిచ్యుయేషన్, బిహేవియర్, ఇంపాక్ట్. ఎప్పుడు జరిగింది, మనిషి ఏం చేశాడు, దానివల్ల ఏమైంది. చూడ్డానికి ఇంతే. అందులోని పనితనం తెలియాలంటే ఒక మాటను విప్పి చూడాలి.

ఓ టీమ్ లీడ్ తన జూనియర్‌తో ఇలా అన్నాడనుకుందాం: "నిన్న పదకొండింటి క్లయింట్ కాల్‌లో, టెస్టింగ్ వాళ్లు గడువు గురించి చెబుతుంటే నువ్వు రెండుసార్లు మధ్యలో అందుకున్నావు. వాళ్లు చెప్పేది సగంలో ఆగిపోయింది. దానికోసం క్లయింట్ రాత్రి మళ్లీ మెయిల్ పెట్టాడు."

"నిన్న పదకొండింటి" అనగానే "నువ్వెప్పుడూ ఇంతే"కి దారి మూసుకుపోయింది. రెండుసార్లు అందుకోవడం రికార్డింగ్‌లో వినపడే సంగతి. "నీకు ఓపిక లేదు" అనుంటే అరగంట వాదన నడిచేది. మూడో ముక్క దగ్గరే చాలామంది దొంగదెబ్బ తీస్తారు, "టీమంతా నీ గురించి ఇలాగే అనుకుంటోంది" అంటూ. ఇక్కడ సాక్ష్యం ఆ మెయిల్ ఒక్కటే. అది చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చింది, మనిషి గుణం గురించి ఇందులో ఒక్క మాటా లేకపోవడం. మర్యాద సంగతి అటుంచండి, ఫలితానికీ ఇది ముఖ్యమే. 1996లో క్లూగర్, డినిసి అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ఫీడ్‌బ్యాక్ అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. సగటున పని మెరుగైంది. మూడోవంతుకు పైగా సందర్భాల్లో మాత్రం ఇంకా దిగజారింది. విన్నవాడి చూపు పని మీంచి తన మీదికి మళ్లినకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్ల వివరణ.

పొగడ్తకూ ఇదే కొలత. "సూపర్" అంటే సంతోషమే గానీ, మళ్లీ ఏం చేయాలో తెలీదు.

ఆ సంస్థే దీనికి నాలుగో ముక్క కూడా జోడించింది: ఇంటెంట్. అప్పుడు నీ ఉద్దేశమేమిటని అడగడం. దాన్ని చివర పెట్టడం గొప్ప నేర్పు. ముందే అడిగితే సంజాయిషీ అడిగినట్టుంటుంది. జరిగిందేమిటో ఇద్దరూ ఒప్పుకున్నాక అడిగితే, "టైమ్ అయిపోతోందని కంగారుపడ్డాను సార్" అని జవాబు రావొచ్చు. అప్పుడు అజెండా తీసి చూడాలి. అరగంట కాల్‌కు పది అంశాలు. రాసింది లీడే.