పులస, రొయ్య, ముళ్ళకంచె

పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళో పెరిగినవాణ్ణి. అదే చేప కలకత్తాలో ఇలిశ్. అక్కడ దాని రేటు వరదని బట్టే కాదు, ఫుట్‌బాల్ స్కోరుని బట్టి కూడా మారుతుందట. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ్ ప్రియం, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య ప్రియం.

వందేళ్ళ ఈ వైరం గురించి ఏది చదివినా ఈ చేప జోకే. నాకు విసుగొచ్చేసింది. దానివల్ల ఎవరికీ నొప్పి ఉండదు, అందుకే అందరం ముద్దు చేస్తాం. నొప్పి పుట్టించే జోకు వేరే ఉంది: ‘కాంటాతార్’, అంటే ముళ్ళకంచె. దేశ విభజనలో తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ మనవలు చాలామందికి ఈస్ట్ బెంగాలే సొంత జట్టు. కంచె దాటొచ్చారు కదరా అని బగాన్ అభిమానుల వెక్కిరింత. వీళ్ళూ తక్కువేం తినలేదు, వీళ్ళ తిట్లు రాస్తే ఎడిటర్ ఒప్పుకోరు.

ఆటలో ఇవి మామూలే, లైట్ తీస్కో అంటారు. నేనూ తీసుకున్నాను. 2019 ఆగస్టులో అస్సాం ఎన్నార్సీ తుది జాబితా 19 లక్షల మందిని బయట పెట్టింది. డిసెంబరులో పౌరసత్వ చట్టానికి సవరణ వచ్చింది. గ్యాలరీలో సరదాకి అడిగే ప్రశ్నే ప్రభుత్వం సీరియస్‌గా అడగడం మొదలుపెట్టాక, ఇక నవ్వు రాలేదు.

2020 జనవరి 19న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అభిమానులు పెద్ద బ్యానర్ ఎత్తారు. ఈ నేల రక్తం పెట్టి కొన్నది, కాగితం పెట్టి కాదు అని దాని భావం. ఆ రోజుల్లో ఇదే విషయం మీద నేను చదివిన కవితల్లో చాలావాటికి ఇంత పొదుపు లేదు.

‘రక్తం’ దగ్గర మాత్రం నాకు కాస్త అడ్డు తగిలింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో, ఇవే రెండు జట్ల మ్యాచ్‌లో, గ్యాలరీ గొడవల్లో 16 మంది చనిపోయారు. ఆ రక్తంతో ఎవరూ ఏమీ కొనలేదు. ఈ డెర్బీలో ఆ మాట వాడినప్పుడు ఆ 16 మంది గుర్తు రాకుండా ఉండరు.

అయినా బ్యానర్ నాకిష్టమే. మమ్మల్ని వెక్కిరించొద్దని అది బతిమాలలేదు. ఎదుటి గ్యాలరీ తిట్టుని తీసుకుని, స్టేడియం బయట కాగితాలు అడుగుతున్నవాళ్ళ వైపు తిప్పింది.

మ్యాచ్ మాత్రం బగానే గెలిచింది, 2-1. మర్నాడు రొయ్యల రేటెంతో నేను కనుక్కోలేదు.