తెర కట్టే తీరు

శ్రావణంలో నాట్లు పడ్డాయంటే కాకుమాను వైపు దీపాలు పెట్టే వేళకి అరుగు మీద కూర్చోలేం. కొమ్మమూరు కాలువ నీళ్లు మాగాణికి ఎక్కుతాయి. నల్లమడ వాగు పొంగిందా, పల్లపు చేలల్లో నీళ్లు ఒక పట్టాన తియ్యవు. వరి మళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమకి మనిషి కంటే గొడ్డు నెత్తురే ఇష్టం. అందుకే డెల్టాలో కొందరు పాడి రైతులు గేదెల కొట్టానికీ తెర కడతారు. గేదె తెరలో నెమరేస్తుంటే, ఇంటాయన కాయిల్ వెలిగించుకుని దగ్గుతూ దొర్లుతుంటాడు!

ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని 2003లో అచ్చయిన పరిశోధన చెప్పింది. వేపాకు పొగైనా, వావిలాకు పొగైనా పొగే. కొట్టంలో వేసుకోండి, పసిబిడ్డ పడుకునే గదిలో వద్దు.

నా ఓటు దోమతెరకే. అయితే కట్టడం తెలియాలి. పొద్దుండగానే మంచానికి నాలుగు మూలలా కర్రలు కట్టి, పైభాగం జారకుండా బిగించి, అంచుల్ని చుట్టూరా పరుపు కిందికి దోపాలి. చాలామంది అంచు వేలాడేసి వదిలేస్తారు. దోమకి ఆ సందు చాలు. లోపలికి వెళ్లేటప్పుడు తెరంతా ఎత్తకూడదు. ఒక పక్క కాస్త తీసి, ముందు కూర్చుని, కాళ్లు లోపలికి లాక్కుని, వెంటనే దోపేయాలి. ఆ పైన టార్చి వేసి మూలలు వెతకాలి. ఒక్కటి లోపల మిగిలినా జాగారమే. మోచెయ్యి తెరకి ఆనితే బయటి నుంచే కుడుతుంది, కాబట్టి పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టాలి. చిరుగు కనబడిన రోజే సూదీ దారం తియ్యాలి. కొనేటప్పుడు చదరపు అంగుళానికి 156 కన్నాలున్న నేత అడగండి.

రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అందాకా తెర కంటినిండా నిద్ర కోసమే. మలేరియా దోమా, బోదకాలు తెచ్చే దోమా కుట్టేది రాత్రిపూటే కనుక, ఆ రెండింటికీ తెర అడ్డే.

డెంగీ దోమ మాత్రం పగలే కుడుతుంది. మధ్యాహ్నం ఉయ్యాల్లో నిద్రపోయే బిడ్డకీ తెర వెయ్యండి.