పురావస్తుశాలలు – గ్రామజనులు

పురావస్తుశాల యనగా నేమని మన యిండ్లలో నడిగినచో, విరిగిన విగ్రహములను, తుప్పుపట్టిన కత్తులను దాచియుంచెడి కొట్టని పలువురు చెప్పుదురు. ఆ మాటలో నజ్ఞానము కొంత కలదు. నిజమును కొంత కలదు. వస్తువును దొంగలనుండియు, ఎండవానలనుండియు కాపాడుటతోనే తన పని ముగిసినదని తలంచు శాల కొట్టే యగును గాని విద్యాలయము కానేరదు. అమరావతి శిల్పముల చరిత్ర నాధారముగా గొని ఈ విషయమును కొంచెము విచారింపదలచితిమి.

కృష్ణాతీరమందలి అమరావతి గ్రామమున ఒక మట్టిదిబ్బ యుండెడిది. జనులు దానిని దీపాలదిన్నె యనుచుండిరి. శాతవాహనుల కాలమున మహోన్నతదశ నందిన బౌద్ధ మహాచైత్యము ఆ దిబ్బలో పూడియుండెను. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగా రచ్చట పట్టణము కట్టించుచుండగా ఇటుకలకును, రాళ్లకును ఆ దిబ్బను త్రవ్విరి. కాలిన్ మెకంజీ దొర ఆ సంగతి విని వచ్చి చూచెను. 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. ఆ శిల్పములు పల్నాటి సున్నపురాతిలో మలచినవి. కావున కొన్ని మెట్లకును, గోడలకును పోగా, కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. 1845లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించి పెక్కు శిల్పములను మద్రాసునకు జేర్చెను; 1859లో వానిలో పెద్దభాగము లండనునకు తరలింపబడెను. నేడు నూటికి మించిన శిల్పములు బ్రిటిషు మ్యూజియమునందును, మరికొన్ని చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునందును, కొన్ని అమరావతియందును ఉన్నవి.

ఈ కథ విన్న విద్యావంతులు సాధారణముగా గ్రామస్థులను నిందింతురు. “శిల్పమును సున్నము చేసికొనిన మూర్ఖులు” అని యందురు. ఇది న్యాయమేనా? ఆ శిలలపై చెక్కియున్నది బ్రాహ్మీలిపి. 1837లో జేమ్సు ప్రిన్సెప్ దాని మర్మమును విప్పువరకు ఆ లిపి మన పండితులకుగాని, దొరలకుగాని చదువరానిదై యుండెను. రాజాస్థానమందలి శాస్త్రులకును, మెకంజీకిని, బట్టీ కాల్చువానికిని ఆ శాసనములు సమానముగా మూగవే. తనతో మాటాడని రాతిని మనుష్యుడు రాతిగానే వాడుకొనును. అంతియేకాదు, చదువుకొనినవారి చేతిలో నా చైత్యమునకు కలిగిన హానియు తక్కువది కాదు. 1880లో ప్రభుత్వమువారే దిబ్బను త్రవ్వించిరి. అటుపిమ్మట జేమ్సు బర్జెస్ పండితుడు వచ్చి చూచునప్పటికి మధ్యభాగము పెద్దగుంటయై మిగిలెను.

లిపి తెలిసినపిమ్మట ఆ రాళ్లు చెప్పిన దేమి? రాజుల దిగ్విజయములా? కావు. అందు పెక్కు సామాన్యుల దానములను దెలుపు మాటలు. గృహస్థులు, వారి యిల్లాండ్రు, వర్తకులు, సుగంధద్రవ్యము లమ్ముకొనువారు, భిక్షువులు, భిక్షుణులు తలకొక ఫలకమో స్తంభమో యిచ్చి ఆ చైత్యమును నిలిపిరి. స్త్రీలు తమ పేరనే దానము లిచ్చిరి. ఒక ఫలకముపై విధికుడను వాని పేరు కలదు. అతడు చర్మకారుడు. అతని తండ్రి నాగుని ఆ శాసనము ఉపాధ్యాయుడని పేర్కొనుచున్నది. ఆ తోలుపనివాడు తన కుటుంబముతో గూడి పూర్ణఘటము చెక్కిన ఫలకమును మహాచైత్యమునకు సమర్పించెను. ఏ వృత్తివారిని మనము తరువాతి శతాబ్దములలో ఊరివెలుపల నుంచితిమో, ఏ వృత్తివారిని గుడిగడప త్రొక్కనీయమైతిమో, ఆ వృత్తివాని పేరు తెలుగునేలపై ఒక పవిత్రస్థలమున గౌరవముతో చెక్కబడియున్నది! అమరావతి శాసనములలోని “నాగబు” అను మాటను ప్రాచీనమైన తెలుగు పదముగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరని మనము గర్వించుచుందుము. ఆ గర్వము తగినదే. విధికుని పేరు నంతటి గర్వముతో మన మేల తలంపము?

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాల పిల్లలను ఒక ప్రదర్శనశాలకు తీసికొనిపోయితిమి. శాల శుభ్రముగా నుండెను. శిలలు క్రమముగా నిలిపియుండెను. ప్రతిరాతి క్రిందను ఇంగ్లీషులో మూడు ముక్కలు: స్తంభఖండము, సున్నపురాయి, రెండవ శతాబ్దము. తెలుగు ఫలకము లున్నచోట అవి ఇంగ్లీషుకంటె కఠినములు. సంస్కృతము చదువుకొనిన మాకే రెండుమార్లు చదువవలసివచ్చెను. ఒక పిల్లవాడు “మాష్టారూ, ఈ గీతల్లో ఏముందండీ?” అని యడిగెను. మేము బదులు చెప్పునంతలో కావలివాడు “ముట్టుకోకండి, ముందుకు నడవండి” అనెను. అతని తప్పు లేదు. అతనికి నేర్పిన పని యంతియే. బయట మెట్లపై కూర్చుండబెట్టి పిల్లలకు విధికుని సంగతి చెప్పితిమి. వారిలో చెప్పులు కుట్టువాని కుమారు డొకడుండెను. వాడేమియు మాటాడలేదు. కొంచెముసేపటికి లేచి, మరల లోపలికి బోయి, అక్షరములున్న రాళ్ల నన్నిటిని వెదకి చూచి వచ్చెను. శాల చేయవలసిన పని ఆనాడు మెట్లమీద జరిగెను.

లండనులోని శిల్పములు స్వదేశమునకు రావలయునని కొందరు కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. అచ్చటికి పోకున్నచో అవి సున్నమై యుండెడివని మరికొందరు వాదింతురు. ఒకనాటి యపాయము శాశ్వతమైన స్వామ్యమునకు హేతువు కాజాలదు. కాని ఆ వాదమునందే మనకొక హెచ్చరిక యున్నది. రేపే ఆ శిలలు వచ్చినను, మూగఫలకముల నడుమ నిలిపితిమేని వానికి దేశము మారును గాని గతి మారదు.

అమరావతిలోనే 1951లో ప్రదర్శనశాల యేర్పడుట మేలైన పని. తవ్వినచోటనే వస్తువు నుంచినచో చైత్యమునకును శిల్పమునకును గల సంబంధము కంటికి గట్టును. దీనితో తృప్తిపడరాదు. ఏ ప్రదర్శనశాలయైనను మొదట చేయవలసినది శాసనముల భావమును వాడుకలోని తెలుగున వ్రాసి, దాత పేరును, వృత్తిని పెద్దయక్షరములతో జూపుట. రెండవది, దూరముననున్న శిల్పముల నకళ్లను, చిత్రములను స్వస్థలమున నుంచుట. మూడవది, ఆ గ్రామపు యువతీయువకులకు శిక్షణ మిచ్చి వారిచేతనే కథ చెప్పించుట. తమ యూరి కథను తామే చెప్పువారు దానికి కావలివారును అగుదురు. వీనిలో నేదియు కోట్లు వ్యయమగు పని గాదు.

ఇందు గృహస్థులమైన మన ధర్మమును కలదు. తీర్థయాత్రకు బోవునపుడు అమరేశ్వరుని దర్శించి, స్నానము చేసి, మరలివచ్చెడివారు అచ్చటనే యున్న శాలను చూడకయే బండి యెక్కుచున్నారు. ఇల్లాండ్రును, పిల్లలును ఒక గంట యచ్చట గడుపవలయును. కనబడిన రాతి నడుగలేకపోయినను అక్కడి యుద్యోగి నడుగవచ్చును: “దీని నిచ్చిన వారెవరు?” అని. పదిమంది యడిగినచో పదునొకండవవాని కొరకైనను ఫలకము వ్రాయబడును.