అసమ్మతి ఒకరిది, అమలు మరొకరిది

అమెరికా రాజ్యాంగం ఫెడరల్ జడ్జికి జీవితాంతం పదవి ఇస్తుంది. సొంత ఊళ్లో మనశ్శాంతిగా బతికే భరోసా మాత్రం ఇవ్వదు. నల్లజాతివారి హక్కుల పక్షాన తీర్పులిచ్చిన దక్షిణాది తెల్ల జడ్జీలు జె. వేటీస్ వేరింగ్, ఫ్రాంక్ ఎం. జాన్సన్ ఇద్దరికీ ఇది అనుభవమే.

1880లో పుట్టిన వేరింగ్ సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ పాత కుటుంబాల్లో ఒకదానికి చెందినవారు. జడ్జి అయ్యేనాటికే అరవై దాటాయి. 1946లో ఐజాక్ వుడార్డ్ అనే నల్లజాతి సైనికుడు సైన్యం నుంచి విడుదలై, యూనిఫాంలోనే ఇంటికి బయల్దేరాడు. దారిలో ఒక పోలీసు అధికారి కొట్టిన దెబ్బలకు రెండు కళ్లూ పోయాయి. వేరింగ్ కోర్టులో తెల్లవారి జ్యూరీ అరగంటలోపే ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది. వేరింగ్‌ను కదిలించింది ఆ కేసే. 1951లో బడుల్లో జాతి వేర్పాటును సవాలు చేసిన బ్రిగ్స్ కేసులో తోటి జడ్జీలిద్దరూ నల్లవారికి, తెల్లవారికి వేరువేరు బడులు సబబే అన్నారు. వేరుచేయడమే అసమానత అని ఆయన ఒక్కరే అసమ్మతి రాశారు.

జాన్సన్‌లో ఇలాంటి మలుపు కనిపించదు. 1955లో, 37 ఏళ్లకు, అలబామాలో జడ్జి అయ్యారు. మరుసటి ఏడాదే మాంట్‌గోమరీ బస్సుల్లో వివక్ష చెల్లదన్న 2-1 తీర్పులో భాగమయ్యారు. 1965లో నల్లవారి ఓటుహక్కు కోసం తలపెట్టిన సెల్మా పాదయాత్రను మొదట ఆపించి, విచారణ జరిపి, ఆ తర్వాతే అనుమతించారు. ఆయన పద్ధతి అది: ముందు సాక్ష్యం, తర్వాత ఆదేశం. మానసిక ఆసుపత్రుల కేసులో 1972లో ఇచ్చిన ఉత్తర్వు చూడండి. ఎనిమిది మంది రోగులకు ఒక మరుగుదొడ్డి, పదిహేను మందికి ఒక స్నానపు తొట్టి లేదా షవర్, గదికి ఆరుగురికి మించరాదు. హక్కును ఆయన మరుగుదొడ్ల లెక్కదాకా దించారు.

మచ్చలు ఇద్దరికీ ఉన్నాయి. వేరింగ్ కోర్టు బయటా గొంతెత్తారు. దాంతో ఆయన తీర్పులను సొంత కక్షగా కొట్టిపారేయడం విరోధులకు సులువైంది. జాన్సన్ టస్కీగీ ఊరి సరిహద్దుల కేసును కొట్టేశారు. నల్లవారి ఓట్లను ఊరి బయటికి నెట్టిన ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లో ఆ నిర్ణయాన్ని ఏకగ్రీవంగా తిప్పికొట్టింది.

వెలి ఇద్దరికీ తప్పలేదు. వేరింగ్ 1952లో పదవి వదిలి న్యూయార్క్ వెళ్లిపోయారు. జాన్సన్ తల్లి ఇంటిమీద 1967లో బాంబు పడింది. ఆయన అలబామా వదల్లేదు.

ఎవరు గొప్ప? దూరదృష్టిలో వేరింగ్. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు ఆయన చెప్పిన చోటికే చేరింది. బస్సుల కేసులో జాన్సన్ నిలబడింది ఆ తీర్పు మీదే. అయినా జడ్జి పనితనానికి నా ఓటు జాన్సన్‌కే. రాజ్యాంగంలో ఉన్న హక్కు ఆసుపత్రి వార్డుదాకా, జైలు గదిదాకా చేరడానికి ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో కూర్చుని వెంటపడే జడ్జి కావాలి. జాన్సన్ ఆ పని చేశారు.