మాటకు ముందు మడమ

మన నాటకం చాలాకాలంగా నోటితోనే నడుస్తోంది. పద్యనాటకంలో రాగం, పరిషత్తు నాటకంలో డైలాగు. పైనుంచి వేలాడే మైకు కింద నటుడు నిలబడతాడు, గొంతు అందేంత మేరలోనే తిరుగుతాడు. మెడ నుంచి పాదాల దాకా ఉన్న మనిషికి అక్కడ పెద్దగా పనుండదు. మాట గొప్పదే, పద్యమూ గొప్పదే. కానీ చెవికి మాత్రమే అందే నాటకాన్ని రేడియోలోనూ వినొచ్చు. జనం పొరుగూరి నుంచి వచ్చి తెల్లవార్లూ నేలమీద కూర్చునేది, ఎదురుగా ఓ మనిషి ఒళ్లు మరో మనిషిగా మారడం చూద్దామని. ఈ సంగతి నాకు గట్టిగా పట్టుబడింది, మాటల్లేని నాటకం నేర్చుకోవడం మొదలుపెట్టాకే.

ఈ చదువు ఆటతో మొదలవుతుంది. నటన నేర్చుకుందామని వచ్చిన పెద్దవాళ్లను ఏడుపెంకులాట ఆడమంటే మొహం చిట్లిస్తారు. ఒక్కసారి బరిలోకి దిగాక ఆ మొహమాటం ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. నాలుగు స్తంభాలాటే తీసుకోండి. ఎదుటివాడు స్తంభం వదలబోతున్నాడని మనకు తెలిసేది అతను కదిలాక కాదు. ముందు అతని బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతుంది, ఓ భుజం కాస్త ముందుకొస్తుంది. అది పసిగట్టి పరుగందుకోవాలి. రంగస్థలం మీద తోటి నటుణ్ని గమనించడమంటే సరిగ్గా ఇదే. చెడుగుడులో కూత ఆపకుండా ఊపిరిని పొదుపుగా వాడుకుంటూ, ఏడుగురి కాళ్లూ ఒకేసారి కనిపెట్టడం నేర్చిన పిల్లాడికి సగం నటన వచ్చేసినట్టే. ఆటలో ఉన్నవాడికి ‘నేనెలా కనిపిస్తున్నాను’ అన్న బెంగ ఉండదు. నటుణ్ని బిగదీసేది ఆ బెంగే. అమెరికాలో వయోలా స్పోలిన్ షికాగోలో వలస కుటుంబాల పిల్లలకు ఇలా ఆటలతోనే నటన నేర్పింది. 1963లో ఆవిడ అచ్చు వేయించిన ఆటల పుస్తకాన్ని నాటక బడులు ఇప్పటికీ వాడుకుంటున్నాయి.

తర్వాతిది మూకాభినయం. ఫ్రాన్సులో ఎతియెన్ దెక్రూ దాన్నొక వ్యాకరణంలా కూర్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మార్సెల్ మార్సో 1947లో బిప్ అనే పాత్రను సృష్టించి లోకమంతా తిప్పాడు. తెలుగువాళ్లకు ఈ కళను పరిచయం చేసినవాళ్లలో వరంగల్ నుంచి వచ్చిన మైమ్ మధు పేరు ముందు చెప్పుకోవాలి. లేని గోడను చూపించడంలో కిటుకు ఒకటే: గాలిలో చెయ్యి ఎక్కడ ఆనిందో అక్కడే ఉండాలి, ఒళ్లు మాత్రం కదలాలి. చెయ్యి వేలెడు జారినా గోడ కూలిపోతుంది.

శ్రీకాకుళం జిల్లా అక్కుపల్లిలో శివసాగర్ తీరాన సరుగుడు చెట్ల నీడలో బడిపిల్లలతో ఈ అభ్యాసాలు చేస్తున్నప్పుడు, లేని తాడు లాగమన్నాం. పిల్లలు పళ్లు బిగించి, మొహం ఎర్రబడేలా పిడికిళ్లు గుంజుకుంటున్నారు. మత్స్యకారుల కుటుంబం నుంచి వచ్చిన ఓ కుర్రాడు అందరినీ ఆపేశాడు. “తాడు సేత్తో లాగరు మాస్టారూ, కాళ్లతో లాగుతారు. మా అయ్య మొహం ఎప్పుడూ అలగుండదు” అన్నాడు. అని, చేసి చూపించాడు. ముందు మడమ ఇసుకలో దిగింది. తర్వాత నడుం వెనక్కి వాలింది. వీపు బిగిసింది. చేతులు అన్నిటికంటే ఆఖరున కదిలాయి. రెండు పిడికిళ్ల మధ్య దూరం మొదట ఎంతుందో చివరిదాకా అంతే ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది. అతని ముందు తాడు మాకందరికీ కనిపించింది, దాని చివర వలా, వలలో బరువూ కనిపించాయి.

ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు చూడండి. వరసలో అందరి బరువూ ఒకే ఊపున వెనక్కి పడుతుంది. చివరనున్నవాడు తాడు వదిలి, నీటి అంచుకు నడిచి, మళ్లీ మొదట్లో పట్టుకుంటాడు. మూకాభినయం బడులు ఏళ్ల తరబడి నేర్పే ఎదురుబరువు సూత్రం ఈ తీరంలో రోజూ కూలి పని. ఆ కుర్రాడు దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చూస్తూ పెరిగాడు. మేం చేసిందల్లా నీకు తెలిసిందే కళ అని అతనికి చెప్పడం.

మూడోది మాస్కు. మొహం కప్పుకుంటే మనిషి దాక్కుంటాడనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. మాస్కు పెట్టుకున్నాక నవ్వి గట్టెక్కడం కుదరదు, కనుబొమలెగరేసి తప్పించుకోవడం కుదరదు. పైకి లాక్కున్న భుజం, ముడుచుకున్న కాలివేళ్లు, ఆగి ఆగి వదిలే ఊపిరి అన్నీ బయటపడతాయి. ఫ్రాన్సుకు చెందిన జాక్ లకాక్ ఈ సంగతి మీదే పెద్ద చదువును నిలబెట్టాడు. ఆయన నాటకానికి క్రీడల నుంచి, వ్యాయామ విద్య నుంచి వచ్చాడు. 1948లో ఇటలీలోని పాదువాకు వెళ్లి, అక్కడి శిల్పి అమ్లేతో సార్తోరితో కలిసి ఏ భావమూ లేని తోలు మాస్కు కోసం పనిచేశాడు. 1956లో పారిస్‌లో బడి తెరిచాడు. విదూషకుడి ఎర్రముక్కు లోకంలోకెల్లా చిన్న మాస్కు అనేవాడు.

వ్యాయామం నుంచి ప్రదర్శనకు వచ్చిన గురువు మనకూ ఉన్నాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా జనాన్ని నివ్వెరపరిచాడు. ఛాతీకి చుట్టిన గొలుసును ఆయన ఊపిరి బిగించి తెంపేవాడని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒంటిబలానికి ఊపిరే ఆధారమని ఆయన వేల మంది ఎదుట చేసి చూపించాడు.

మాస్కు కూడా మనకు కొత్త కాదు. తంజావూరు దగ్గర మెలట్టూరులో, వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రను నరసింహ జయంతికి భాగవత మేళంగా ఆడతారు. అక్కడ నరసింహుడి మాస్కుకు గుడిలో పూజ జరుగుతుంది, దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. మనకింకా దగ్గరగా, ఒడిశాలోని గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం రాత్రంతా నడుస్తుంది. హిరణ్యకశిపుడు మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద ఎక్కుతూ దిగుతూ ఊగిపోతాడు. అక్కడా నరసింహుడి మాస్కు దేవుడే. ఆ ఒడియా నాటకం 19వ శతాబ్దపు జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ప్రచారంలో ఉంది. ఆ జలంత్రకోట ఇప్పుడు మన కంచిలి మండలంలోనే ఉంది. లకాక్ పారిస్ బడిలోనూ ఏ భావమూ లేని ఆ మాస్కును చేత్తో తడమరు, పెట్టుకుని మాట్లాడరు, జనానికి వీపు తిప్పి పెట్టుకుంటారు. భక్తి కావచ్చు, క్రమశిక్షణ కావచ్చు, అన్ని చోట్లా మాస్కు ముందు మనిషి ఒక మెట్టు దిగి నిలబడతాడు.

లకాక్ బడిలో విద్యార్థుల్ని చెట్టు కమ్మంటారు, గాలి కమ్మంటారు. మా అక్కుపల్లి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఆ మాట అనడానికి కాస్త ధైర్యం కావాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి, కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. ఏళ్ల తరబడి పెంచిన తోటలు ఒక్క రాత్రిలో పోయాయి. కొబ్బరిచెట్టు కమ్మంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వెంటనే పడిపోలేదు. ముందు తల ఒక పక్కకు తిరిగింది, వేళ్లన్నీ మట్టల్లా ఆ పక్కకే ఈడ్చుకుపోయాయి. నడుం ఎదురు తిరిగింది. అరికాళ్లు చాలాసేపు నేలను వదల్లేదు. చివరికి ఒక మడమ లేచింది, దాంతోపాటే పిల్లా ఒరిగింది. చెట్టు పడ్డం కంటే నిలబడాలని చేసిన ప్రయత్నమే ఆ అభినయంలో నన్ను పట్టుకుంది. తుపాను గురించి ఆ పిల్లను వ్యాసం రాయమంటే నాలుగు ముక్కలు రాసేదేమో. ఒంటితో చెప్పమంటే అంతా చెప్పింది.

ఈ విద్యకు గురువుల్ని దూరం నుంచి తెచ్చుకోనక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల బృందాలు రొమ్మున తప్పెట, కాళ్ల గజ్జెలతో పాడుతూ, వాయిస్తూ, ఎగురుతూనే ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతాయి. అడుగున నిలబడ్డవాడి దగ్గర నమ్మకమంటే ఏమిటో పిల్లలు నేర్చుకోవచ్చు. జముకుల కథకుడు ఒంటి విరుపుతో క్షణంలో మగ నుంచి ఆడగా, రాజు నుంచి బంటుగా మారతాడు. 1960ల్లో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ ఉద్దానం ఊళ్లలో ఆ కథారూపాన్నే పట్టుకుని జనంలోకి వెళ్లాడు.

అందుకే ఉపాధ్యాయులకూ పరిషత్తులకూ నాదొక విన్నపం. బడుల్లో వారానికొక వ్యాయామం పీరియడు ఇలాంటి ఆటలకూ అభినయానికీ ఇవ్వండి. తప్పెటగుళ్ల పెద్దను పిలిచి ఆ గంట ఆయనకు అప్పగించండి, రానుపోను ఖర్చులూ గౌరవంగా సంభావనా ఇవ్వండి. పోటీల్లో ఒక పూట మైకు లేని నాటికలకు కేటాయించండి. మాట పోతుందని భయపడకండి. ఒళ్లు కుదిరిన నటుడి నోట డైలాగు ఇంకా బరువుగా పలుకుతుంది.