గుమాస్తా కన్ను, దొర చూపు

డెన్మార్కు రచయిత స్టీన్ స్టీన్సెన్ బ్లికర్ 1824లో ప్రచురించిన చర్చి గుమాస్తా దినచర్యను విధికి ఓడిన మనిషి కథగా చదువుకోవచ్చు. అంతటితో తృప్తిపడితే అందులోని సమాజం మనకు కనిపించదు.

మోర్టెన్ వింగె లాటిన్ నేర్చాడు. అయినా టీలె భూస్వామి కోటలో నౌకరయ్యాడు. చదువు అతణ్ణి రైతుకు దూరం చేసింది. పుట్టుక దొరకు దగ్గర కానివ్వలేదు. అతను మూగగా ప్రేమించిన దొరకూతురు సోఫీ, కోట వేటగాడు యెన్స్‌తో వెళ్లిపోయింది. యుద్ధమూ చెరా అనుభవించి తిరిగివచ్చిన మోర్టెన్‌కు, ఏళ్ల తరువాత ఆమె మోటుగా, పతితగా కనిపిస్తుంది. చివరికి చర్చి గుమాస్తాగా మిగిలి, బైబిలు మాటల్లో ఓదార్పు వెతుక్కుంటాడు.

సోఫీకి మూలం మారీ గ్రుబ్బె (1643–1718). టీలె ప్రభుకుటుంబంలో పుట్టిన ఆమె చివరకు పడవవాడి భార్యగా బతికింది. ఆ బతుకులోనే తనకు సుఖముందని ఆమె చెప్పినట్లు, స్వయంగా కలిసిన హోల్బెర్గ్ రాశాడు. ఆ తృప్తి బ్లికర్ కథలోకి రాలేదు. అది లోపమే. కాని కథంతా గుమాస్తా చేతిరాతే కదా! పతనమని ఏడ్చేది అతనే. కోట అతనికి కూడు పెట్టింది, పిల్లనివ్వలేదు. తన చూపును మాత్రం ఇచ్చింది. ఆ చూపుతోనే శ్రమజీవి ఇల్లాలిని అతను తూస్తాడు.

గుమాస్తాపై జాలిపడదాం, అతని తీర్పును మాత్రం ఒప్పుకోవద్దు.