పోగు తెగని సాంచా

పోయిన దసరాకి సిరిసిల్ల వెళ్లినప్పుడు నేను చేసిన ఒక మ్యూజిక్ ముక్కని బాపుకి వినిపించాను. నాలుగు నిమిషాలు. అడుగున సాంచా చప్పుడు, దాని మీద సాఫ్ట్‌వేర్ వయొలిన్లు, అక్కడక్కడ వీణ లాంటిదొకటి. సాంచా చప్పుడు మాత్రం అసలుదే. మా వాడకట్టులోనే ఫోన్ పెట్టి రికార్డు చేశాను. అందులో బాగా పలికిన నాలుగు సెకన్లు కోసి, లూప్ చేసి, మొదటి నుంచి చివరి దాకా పరిచాను. చిన్నప్పుడు ఆ చప్పుడులోనే పడుకున్నాం, ఆ చప్పుడులోనే ఎక్కాలు చదివాం. దాన్నొక జోలపాటలాగా చేయాలని నా ఆశ.

బాపు ముప్ఫై ఏళ్లు సాంచాల మీద పనిచేశాడు. సన్నటి శబ్దాలు ఆయన చెవికి చేరక చాలా రోజులైంది. అంటే నా వయొలిన్లు ఆయనకి దాదాపు వినపడలేదు. విన్నది సాంచా ఒక్కటే. హెడ్‌ఫోన్స్ తీసి, "పాటేది రా?" అన్నాడు. పాట లేదు బాపు, మ్యూజిక్కే అన్నాను. కాసేపాగి, "సాంచా మంచిగనే ఉన్నది గని, నాలుగు నిమిషాల్ల ఒక్క పోగన్న తెగలే. గట్ల నడిస్తె నేనెప్పుడో సేటునయితుంటి" అని నవ్వి లేచిపోయాడు.

నాలుగేళ్లుగా సంగీతం గురించి నాకు తోచింది రాస్తున్నాను. ఇంత సూటి విమర్శ నేనెప్పుడూ రాయలేదు. ఆ రెండు మాటలు పట్టుకునే ఈ వ్యాసం. పాట ఏది అన్నది ఒకటి. పోగు ఎందుకు తెగలేదు అన్నది ఇంకొకటి.

మొదటిది మనందరి ప్రశ్న. తెలుగువాళ్లకి సంగీతం అంటే పాట, పాట అంటే మాట. మా వైపు ఇంకా ఎక్కువ. సి. నారాయణరెడ్డి పుట్టిన హనుమాజీపేట మాకు పక్క ఊరి లెక్క. ఒగ్గు కథ మిద్దె రాములుదీ అదే ఊరు. బతుకమ్మ ఆడినా, పీనుగ లేచినా, ఉద్యమం చేసినా మాటే ముందుంటుంది. 2023లో మా సిరిసిల్ల వేణు యెల్దండి తీసిన 'బలగం' చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. ఆ ఏడుపు తెప్పించింది చివర్లో వచ్చే కథాగానం, అందులోని చుట్టరికాల పిలుపులు. ఆ మాటలు తీసేసి వట్టి వాయిద్యం ఉంచితే అంత ఏడ్చేవాళ్లమా? నాకు అనుమానమే.

అట్లా అని మాటల్లేని సంగీతం మనకి అర్థం కాదనలేం. డప్పు దరువు దూరం నుంచి విని, అది పెండ్లిదో చావుదో చాటింపుదో చెప్పగలిగే పిల్లలం మేం. ఆ భాష ఊరందరిది. నా ఒక్కడి చిన్నతనం, నా ఇంటి మనుషులు, మాటల్లేకుండా ఇంకొకరికి ఎట్లా చేరాలన్నదే అసలు చిక్కు.

మనవాళ్లు ఈ దారిలో అసలు పోలేదని కాదు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, తండ్రి వీణ వాయిస్తుంటే ఐదేళ్ల వయసులో తప్పు పట్టుకున్నాడని చెబుతారు. తర్వాత ఈమని శంకరశాస్త్రి శిష్యుడై వీణలో కోయిలను కూయించాడు. విని మురిసిపోని తెలుగువాళ్లుండరు. కానీ ఆ కోయిల ఎవరిదైనా కావచ్చు. ఎవరి పెరటి చెట్టు మీదిదో వీణ చెప్పదు, చెప్పాలని అనుకోలేదు కూడా. ఇళయరాజా 1986లో తెచ్చిన వాయిద్య సంగీతానికి 'హౌ టు నేమ్ ఇట్' అని పేరు పెట్టాడు. ఏమని పిలవాలి దీన్ని అన్న ప్రశ్ననే పేరు చేశాడు. మాట లేని సంగీతానికి పేరొక్కటే మాట. అందుకే ఆ మాట దగ్గర అందరూ తడబడతారు. 1838లో చిన్నతనం మీద పదమూడు చిన్న పియానో ముక్కలు కూర్చిన షూమన్ కూడా, పేర్లు తర్వాత పెట్టినవేననీ, అవి వాయించేవాళ్లకి చిన్న సూచనలు మాత్రమేననీ చెప్పుకున్నాడు. పేరు మార్చితే బాల్యం మారిపోతుందా? మారిపోతే ఆ బాల్యం ఉన్నది పేరులోనే, సంగీతంలో కాదు. నా ముక్క సంగతి అదే. 'సాంచా జోల' అన్న ఫైలు పేరు తీసేస్తే అది ఏ కాఫీ షాపులోనైనా మోగొచ్చు.

ఇక రెండో ప్రశ్న. దీనికి జవాబు నాకు స్టీవ్ రైష్ చేసిన 'డిఫరెంట్ ట్రెయిన్స్'లో దొరికింది. దాన్ని చాలాసార్లు విన్నాను కానీ, బాపు నవ్విన తర్వాతే సరిగ్గా విన్నాననుకుంటాను.

రైష్ 1936లో న్యూయార్క్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు విడిపోయారు. నాన్న న్యూయార్క్‌లో, అమ్మ లాస్ ఏంజెలెస్‌లో. 1939 నుంచి 1942 దాకా ఈ పిల్లవాడు తనని చూసుకునే ఆయా వర్జీనియాతో ఆ చివరి నుంచి ఈ చివరికి రోజుల తరబడి రైళ్లలో తిరిగాడు. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుంటే ఒక ఆలోచన వచ్చింది. తాను యూదుడు. అవే ఏళ్లలో యూరప్‌లో ఉండి ఉంటే తనని ఎక్కించే రైళ్లు వేరు. ఆ ఆలోచన మీద 1988లో క్రోనోస్ క్వార్టెట్ కోసం ఈ సంగీతం కట్టాడు. నాలుగు తీగ వాయిద్యాలు, ఒక టేపు. మూడు భాగాలు: యుద్ధానికి ముందు అమెరికా, యుద్ధంలో యూరప్, యుద్ధం తర్వాత. మొత్తం ఇరవై ఏడు నిమిషాల దాకా.

టేపులో ఆయా వర్జీనియా గొంతు ఉంది. ఆ రైళ్లలో పనిచేసి రిటైరైన ఒక అటెండెంట్ గొంతు ఉంది. మారణకాండ నుంచి బతికి అమెరికా చేరిన ముగ్గురి గొంతులున్నాయి. రైళ్ల కూతలున్నాయి. రైష్ వాళ్ల మాటల్లోంచి చిన్న చిన్న తునకలు తీసుకున్నాడు. మనం మాట్లాడేటప్పుడు గొంతు లేచి పడుతుంది కదా, ఆ లేచి పడేదాన్ని స్వరాలుగా రాసుకున్నాడు. ఆడవాళ్ల మాటను వయోలా అందుకుంటుంది, మగవాళ్ల మాటను చెల్లో. మనిషి చెప్పిన ముక్కని తీగ మళ్లీ మళ్లీ చెబుతుంది. వింటూంటే కాసేపటికి మాట ఏదో తీగ ఏదో తెలియదు. 'పాటేది' అన్న ప్రశ్నకి ఇదొక జవాబు. మాటలోంచి అర్థాన్ని కాక యాసని తీసుకోవడం.

బాపు మాట తర్వాత నాకు వినపడింది మాత్రం వేరే సంగతి. ఈ రైలు ఒకే వేగంతో నడవదు. రైష్ అంటే ఒకటే లయని పట్టుకుని గంటసేపు వదలనివాడని పేరు. అట్లాంటివాడు ఇక్కడ ప్రతి కొత్త మాటకీ వేగం మార్చేశాడు. ఎందుకంటే వర్జీనియా మాట్లాడే వేగం వేరు, అటెండెంటు మాట్లాడే వేగం వేరు. ఆయన రైలుని నడిపి మనుషుల్ని దాంట్లో కూర్చోబెట్టలేదు. ఎవరు మాట్లాడితే రైలు వాళ్ల వేగానికి వచ్చేస్తుంది. ఒక్క క్షణం తడబడి, మళ్లీ పట్టాలెక్కుతుంది. నేను చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. నిమిషానికి 110 దెబ్బలని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, జ్ఞాపకాలన్నిటినీ ఆ గడుల్లో కుక్కాను. అసలు సాంచా అట్లా నడవదు. పోగు తెగుతుంది, ఆపుతారు, ముడి వేస్తారు, మళ్లీ నడుపుతారు. కండె అయిపోతుంది, మారుస్తారు. సాంచా నడుస్తున్నప్పుడు వినపడేది మిషను. ఆగినప్పుడు వినపడేది మనిషి. నేను ఆ ఆగడాలన్నీ కత్తిరించి పారేసి, బాపు లేని సాంచాని తెచ్చి బాపుకే వినిపించాను.

ఇది రైష్ ఒక్కడి సంగతే కాదు. అమెరికాలోనే ఆయనకంటే ముందు చార్లెస్ ఐవ్స్ ఉన్నాడు, 1874లో పుట్టినవాడు. పగలు ఇన్సూరెన్సు వ్యాపారం, రాత్రుళ్లు, ఆదివారాలు సంగీతం. మాలాంటి ఉద్యోగస్తులకి ఇలవేల్పు అనుకోవచ్చు. వాళ్ల నాన్న ఊళ్లో బ్యాండు నడిపేవాడు. కొడుకు చేత ఒక శ్రుతిలో పాడిస్తూ తాను ఇంకో శ్రుతిలో వాయించేవాడట. కొడుకుకి ఇరవై ఏళ్లప్పుడు పోయాడు. తర్వాత ఐవ్స్ రాసిన సంగీతంలో బ్యాండ్లు ఒకదాన్నొకటి ఢీకొంటాయి, ఎవరో అపశ్రుతి పలుకుతారు, ఎవరో తాళం తప్పుతారు. చదువుకున్నవాళ్లు దిద్దాల్సిన తప్పులవి. ఐవ్స్ దిద్దలేదు. ఆ తప్పుల్లోనే ఊరుంది, నాన్న ఉన్నాడు. దిద్దితే మిగిలేది ఏ ఊరి బ్యాండైనా కావచ్చు.

'డిఫరెంట్ ట్రెయిన్స్' మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. రెండో భాగంలో సైరన్లు ఆగకుండా మోగుతుంటాయి. ఆ గొంతులే చాలు. వాళ్లు పశువుల డబ్బాల్లో ఎక్కించిన సంగతి చెబుతుంటే నాకు భయం వేరే చోటి నుంచి అక్కర్లేదు. రైష్ అక్కడ వినేవాడిని నమ్మలేదనిపిస్తుంది. మూడో భాగంలో నమ్మాడు. యుద్ధం అయిపోతుంది, అమెరికా రైళ్లు మళ్లీ వస్తాయి, మొదటి భాగంలో విన్న గొంతులే మళ్లీ వినిపిస్తాయి. ఏమీ మారలేదు, కానీ ఆ కూత ఇక ముందటిలాగా వినపడదు. చిట్టచివర బతికి బయటపడిన ఒకావిడ, చక్కగా పాడే ఒక అమ్మాయిని గుర్తు చేసుకుంటుంది. ఆ పిల్ల పాట ఆపితే జర్మన్లు ఇంకా పాడమని చప్పట్లు కొట్టేవాళ్లట. అక్కడితో ఆపేశాడు. సంగీతం మనిషిని మంచివాడిని చేస్తుందని నమ్మేవాళ్లందరికీ అది చెంపదెబ్బ.

ఆ మధ్య భాగం లేకపోతే ఈ సంగీతం ఒక పిల్లవాడి రైలు ముచ్చటే. తన బాల్యం ఎంత బాగుందో చెప్పడం కాదు, అదే సమయంలో పక్క రైలులో ఎవరున్నారో అడగడం వల్ల అది పెద్దదయింది. నా జోలపాటలో ఆ అడగడం లేదు.

మాకు రైళ్లు లేవు, బొంబాయి బస్సులు ఉండేవి. సిరిసిల్ల నుంచి సాయంత్రం ఎక్కితే మర్నాడు దిగడం. ఎండాకాలం సెలవులకి బివండిలో పెద్దబాపు ఇంటికి ఆ బస్సులో రెండుసార్లు పోయాను. కిటికీ పక్క సీటు కోసం చెల్లెతో కొట్లాడటమే నాకు గుర్తు. అదే బస్సులో ఇక్కడ సాంచాలు నడవక అక్కడి సాంచాల మీద పనికి పోతున్నవాళ్లున్నారు. కోరుట్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చే బస్సుల్లో దుబాయి, మస్కట్ పోయేవాళ్లు ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చునేవాళ్లు. మా చిన్నమామ అట్లా పోయినవాడే. 2000 తర్వాతి ఏళ్లలో సిరిసిల్ల పేరు పేపర్లో వచ్చేది నేతన్నల ఆత్మహత్యలతోనే. ఆ రోజుల్లో సాంచాలు ఆగితే పిల్లలం సంతోషపడేవాళ్లం. రాత్రి చల్లగా, నిశ్శబ్దంగా ఉండేది. ఇంట్లో పెద్దవాళ్లు మేల్కొని ఉండేవాళ్లు. ఎందుకు పడుకోలేదో నాకు నాచుపల్లి జేఎన్టీయూలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో గాని అర్థం కాలేదు. నాకు జోల అనిపించినది వాళ్లకి కూలి. నాకు నిద్ర అనిపించిన నిశ్శబ్దం వాళ్లకి పస్తు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చి వాడకట్టంతా మళ్లీ మోగినప్పుడు, నేను హైదరాబాద్ నుంచి వచ్చి చప్పుడుకి నిద్ర పట్టలేదని విసుక్కున్నాను. అమ్మ హాయిగా నిద్రపోయింది.

ఇవి సంగీతంలోకి ఎట్లా వస్తాయి? మాటల్లో ఇప్పుడే చెప్పేశాను, సులువుగానే వచ్చింది. మాటకి ఆ వీలుంది. వాయిద్యానికి లేదు. అది ఆగడం, తడబడటం, మళ్లీ మొదలుపెట్టడం మాత్రమే చేయగలదు. మా విషయంలో అదే ఎక్కువ నిజమేమో.

కోరుట్లలో అమ్మమ్మ దగ్గర చిన్నమామ మస్కట్ నుంచి పంపిన రెండు క్యాసెట్లున్నాయి. ఫోన్లు ఖరీదైన రోజుల్లో ఉత్తరాలకి బదులు అట్లా మాట్లాడి పంపేవాళ్లు. వాటిని డిజిటైజ్ చేసి, రైష్ లాగా మామ గొంతుని స్వరాలు చేద్దామని పోయాను. అమ్మమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వింది. మామ ఒక్కో మాట అని ఆగుతాడు. "అవ్వా, పానం మంచిగున్నదా?" అని ఒక ఆగుడు. ఆ ఆగిన చోటల్లా అమ్మమ్మ, పాతికేళ్ల తర్వాత కూడా, "మంచిగనే ఉన్నది బిడ్డా" అని జవాబు చెబుతూ పోయింది. మామ ఆ ఖాళీలు వదిలింది ఆమె జవాబు కోసమని నాకు అప్పుడు తెలిసింది. ఆ తునకల్ని కోసి లూప్ చేస్తే ముందుగా పోయేవి ఆ ఖాళీలే. క్యాసెట్లు కాపీ చేసి తిరిగి ఇచ్చేశాను. ఇంకా ఏమీ చేయలేదు.

'డిఫరెంట్ ట్రెయిన్స్' వినాలనుకునేవాళ్లకి ఒక మాట. మొదటిసారి ఆ మాటల అర్థం వెతుక్కోకుండా వినండి. రైలు ఎక్కడెక్కడ తడబడుతుందో లెక్కపెట్టండి. తడబడ్డ ప్రతిచోటా ఒక కొత్త మనిషి ఎక్కి ఉంటాడు.

నా ముక్కలో లూప్ తీసేసి, పదకొండు నిమిషాల అసలు రికార్డింగ్ పెట్టాను. అందులో పోగు ఆరుసార్లు తెగింది. వయొలిన్లు ఏం చేయాలో ఇంకా తేలలేదు.